పచ్చి పాలిష్

మధ్యాహ్నం మూడు గంటలకు ఆ ఇంట్లో మూడోసారి తెల్లవారింది.

కిటికీ బయట స్టాండు మీద పెద్ద దీపం నిలబెట్టి, దానికి అడ్డంగా నారింజరంగు కాగితం కట్టారు. లైటు మనిషి మీట నొక్కగానే ముందుగదిలోకి పలచటి వెలుగు పాక్కుంటూ వచ్చింది. నేల మీదికి, కుర్చీ కాళ్ళ మీదికి, కొత్తగా పాలిష్ పట్టిన భోజనాల బల్ల మీదికి. అసలు సూర్యుడు అప్పటికే ఇంటి వెనక్కి వాలుతున్నాడు. ఆ సంగతి ముందుగదికి తెలియదు.

వంటింట్లో జిగురమ్మ కదలకుండా నిలబడి ఉంది. ఆమె చేతిలో సీసా ఉంది.

జిగురమ్మ అన్నది పుస్తకాలకు అట్టలు కట్టే కార్ఖానాలో పెట్టిన పేరు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. ఎంత కడిగినా గోళ్ళ చివర జిగురు తెల్లగా ఎండి ఉంటుంది. పట్టిన పని వదలదని కొందరు, తాగుబోతు మొగుణ్ణి కూడా వదల్లేదని కొందరు ఆ పేరుకు అర్థం చెప్పుకుంటారు. రెండూ నిజమే.

"సైలెన్స్," అంది ముందుగదిలోంచి అక్క కూతురు.

సినిమా తీస్తున్నది ఆ పిల్లే. డబ్బున్న సినిమా కాదు, పాటల్లేవు, పరుగుల్లేవు. తాగుడు మాన్పించే సెంటరు నుంచి ఇంటికొచ్చిన ఒక మనిషి, అతని పెళ్ళాం. అంతే కథ. ఎక్కడో ఇల్లు వెతకటం ఎందుకని పిన్ని ఇంట్లోనే కెమెరా పెట్టింది.

"ఇద్దరు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఎవడొస్తాడే చూడ్డానికి?" అని మొదటిరోజే అడిగింది అత్తగారు. "మనింట్లో ఏడేళ్ళు ఆడింది. ఒక్కడూ టిక్కెట్టు కొనలేదు."

ఇప్పుడా ముసలావిడ వంటింట్లో పీట మీద కూర్చుని కోడలి చేతిలోని సీసా వంక చూస్తోంది. ఇద్దరూ ఊపిరి బిగపట్టి ఉన్నారు. ముందుగదిలో ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో దగ్గారు. తరవాత చాలాసేపు ఏమీ లేదు.

"కట్," అంది అక్క కూతురు.

"ఎక్కడ దొరికింది?" అంది అత్తగారు గొంతు తగ్గించి.

"వసారాలో. లక్క డబ్బాల వెనక. గరాటు కోసం చెయ్యి పెట్టాను."

"నిండుగా ఉందా?"

"మూడు వేళ్ళు తక్కువ."

ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి తీసింది.

"ఆ సినిమా వాళ్ళదేమోనే. వాళ్ళూ సీసా పట్టుకొచ్చారుగా."

"వాళ్ళది అదిగో."

తలుపు సందులోంచి హీరో కనిపిస్తున్నాడు. బట్టతల మీద విగ్గు సర్దుకుంటున్నాడు. అతని ముందు బల్ల మీద ఒక సీసా ఉంది. అందులో ఉన్నది చక్కెర లేని టీ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. జిగురమ్మ చేతిలోదీ అచ్చం అలాంటి సీసానే. అదే రంగు. ఇందులో ఉన్నదేమిటో మాత్రం ఆమెకు తెలియదు.

"పోయి మావాణ్ణే అడుగు."

"ఏమని?"

"ఇదేంటని."

"టీ అంటారు." జిగురమ్మ సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. "ఏడేళ్ళూ టీ అనే చెప్పారు అత్తయ్యా."

"పోనీ వాసన చూడు."

జిగురమ్మకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ముక్కు సాక్ష్యం చెల్లదు. మొగుడు సామాన్లకు పాలిష్ పట్టే మేస్త్రి. లక్కను స్పిరిట్‌లో నానబెట్టి, కరిగించి, గుడ్డ ఉండతో చెక్క మీద రుద్దటం అతని పని. కర్టెన్లకు అదే వాసన, దిండ్లకు అదే వాసన, రొట్టె ముక్కకు అదే వాసన. అతను తాగుతున్నాడని మొదటి రెండేళ్ళు ఆమె కనిపెట్టలేకపోయింది అందుకే. పూలకొట్టువాడి ఒంటిమీద సెంటు వెతికితే దొరుకుతుందా?

"నాలిక్కి తగిలించి చూస్తే పోతుంది," అంది అత్తగారు.

"మీరు చూడండి."

"నాకు పళ్ళు లేవు."

"నాలిక్కి పళ్ళెందుకు?"

ముసలావిడ కొంగులో ముడివేసిన తాళంచెవిని అటూ ఇటూ తిప్పింది. "నాకూ భయమేనే," అంది.

"సైలెన్స్."

ఇద్దరూ ఆగిపోయారు. నాలుగోసారి తెల్లవారింది. వంటింటి గడప దాటి ఒక నారింజ చార జిగురమ్మ కాలి వేళ్ళ మీద పడింది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

సెంటరు నుంచి మేస్త్రి ఇంటికొచ్చి యాభై మూడు రోజులు. వచ్చిన రోజు గుమ్మంలోనే ఆపి ఆమె ఒక్క మాట చెప్పింది. "ఒక్క చుక్క. ఒక్క చుక్క తాగినా ఈసారి ఏడవను, అరవను. చెప్పులేసుకుంటాను." అతను తల ఊపి లోపలికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆమె చెప్పులు గుమ్మం పక్కన వీధివైపు మొహం పెట్టి ఉంటున్నాయి. ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా అతను వాటిని తిప్పి పెట్టలేదు. ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ వీధివైపే పెట్టేవాడు.

"కట్. లైటు ఆపండి. కెమెరా కిటికీ దగ్గరికి మారుద్దాం," అంది అక్క కూతురు. "ఓ పావుగంట. బాబాయ్, మీ చేతుల షాటు చివర్లో."

"ఊఁ," అన్నాడు మేస్త్రి వెనక వసారాలోంచి. అక్కడ అతను సినిమా కుర్చీకి ఏదో మరమ్మతు చేస్తున్నాడు. ఆ "ఊఁ" తాగినవాడిదా కాదా అని జిగురమ్మ చెవి వెతికింది. ఒక్క అక్షరంలో ఏం దొరుకుతుంది?

అప్పుడామెకు గుర్తొచ్చింది.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం ఆయన అరచేయంత చెక్కముక్క తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. అద్దంలా మెరుస్తోంది. చూస్తుండు అని, పుల్లతో ఒక్క స్పిరిట్ చుక్క దాని మీద వేశాడు. చుక్క పడ్డచోట మెరుపు కళ్ళముందే చచ్చిపోయింది. "స్పిరిట్‌తో పుట్టింది స్పిరిట్‌తోనే పోతుంది," అన్నాడు ఇంత మొహం చేసుకుని. ఎవరికీ చెప్పని రహస్యం పెళ్ళానికి చెప్పినట్టు చెప్పాడు.

పాలిష్ మేస్త్రి పెళ్ళానికి ముక్కూ వద్దు, నాలుకా వద్దు. ఒక్క చుక్క, ఒక మెరిసే చెక్క ఉంటే చాలు.

మెరిసే చెక్క ఇంట్లో ఒక్కటే ఉంది.

ఆ బల్ల మీద ఏడేళ్ళ గ్లాసుల గుండ్రాలు ఉండేవి. ఒకదాని మీద ఒకటి, గొలుసులా. ఇంటికొచ్చిన మర్నాడు మేస్త్రి ఉప్పు కాగితం తీసుకుని దాని ముందు కూర్చున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు. చేతులు వణుకుతుంటే ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుని రుద్దాడు. ఒక్కో గుండ్రం పోతుంటే ఆమె వంటింట్లోంచి చూస్తూ, చూడనట్టు ఉల్లిపాయలు తరిగింది. తరవాత రోజుకో పలచటి పూత. పూత మీద పూత. నాలుగు రోజుల క్రితమే పని పూర్తయింది. పూర్తయ్యేసరికి చేతులు వణకటం కూడా మానేశాయి. బల్ల మీదికి వంగితే మొహం కనిపించేది. సినిమా వాళ్ళు తప్ప దాని మీద ఎవరూ ఒక గిన్నె కూడా పెట్టలేదు.

అతన్ని పరీక్షించాలంటే దాన్ని పాడుచెయ్యాలి.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

జిగురమ్మ అప్పటికే గడప దాటింది. ముందుగదిలో సినిమా వాళ్ళు కిటికీ దగ్గర మూగి వైర్లు లాగుతున్నారు. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు. బల్లకు ఈ చివర, గోడవైపు మూల దగ్గర నిలబడి సీసా మూత తీసింది. ఒక్క చుక్కే అనుకుంది. చెయ్యి ఊగింది. పావలా బిళ్ళంత పడింది.

క్షణం ఆగి కొంగుతో తుడిచి చూద్దాం అనుకుంది.

"సైలెన్స్. అందరూ ఎక్కడివాళ్ళక్కడే. పిన్నీ, తెర వెనక్కి, ప్లీజ్. ఇది పొడుగు షాటు, మధ్యలో ఆపను."

ఆమె తెర వెనక్కి జరిగింది. ఆ బిళ్ళంత తడి బల్ల మీదే ఉండిపోయింది. దీపం వెలిగింది.

ఐదోసారి తెల్లవారుతున్న గదిలో హీరో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీ సీసా. లోపలిగదిలోంచి అతని పెళ్ళాం వేషం వేసిన అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయి భుజాల మీద ఉన్నది జిగురమ్మ బూడిదరంగు శాలువా. అడిగి తీసుకున్నదే. కానీ ఎడమ భుజం మీదనుంచి జారుతుంటే ఎగదోసుకోవటం ఎవరు నేర్పారు? నడిచేటప్పుడు తలుపుచెక్కను వేళ్ళతో తాకి రమ్మని ఎవరు చెప్పారు?

తెర పలచటిది. దాని వెనకనుంచి చూస్తుంటే నీళ్ళ అడుగున ఇల్లున్నట్టు ఉంది. వెలుగులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది. గోడ మీద తన గడియారం, మేకుకు తన సంచి, తన శాలువాలో తను. ఇంకెక్కడో నిద్రపోతూ ఇదంతా కలగంటున్నట్టు అనిపించింది జిగురమ్మకు. నిద్ర లేస్తే ఏ ఏడు అయి ఉంటుందో.

"నిన్న ఎక్కడికి వెళ్ళావు?" అంది శాలువా అమ్మాయి.

"ఎక్కడికీ వెళ్ళలేదు," అన్నాడు హీరో. "ఇక్కడే ఉన్నాను. నువ్వే నన్ను వెతుక్కుంటూ ఎక్కడెక్కడికో వెళ్ళావు."

ఆ అమ్మాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ సీసాను మధ్యలో పెట్టుకుని దాన్ని చూడకుండా చూస్తున్నారు.

ఈ మాట నాదే, అనుకుంది జిగురమ్మ. ఒకసారి అక్క ఇంట్లో, కళ్ళు తుడుచుకుంటూ, ఆయన ఇంట్లోనే ఉన్నా నాకు కనిపించటం లేదే అని తను అన్నది. పిల్ల వంచిన తల ఎత్తకుండా బొమ్మలేసుకుంటూ విన్నది. దాన్ని తిరగేసి అతని నోట్లో పెట్టింది. తిరగేస్తే అది ఇంత బరువుగా ఉంటుందని ఆమెకు తెలియదు.

షాటు ఎంతసేపు సాగిందో గానీ ఆమె కాళ్ళు తిమ్మిరెక్కాయి.

"కట్. బాగుంది. బాగుంది," అంది అక్క కూతురు, రెండోసారి తనకే చెప్పుకుంటున్నట్టు.

జిగురమ్మ తెర తప్పించుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కొంగుతో ఒత్తింది. తీసింది.

మెరిసే ముదురెరుపు చెక్క మీద పావలా బిళ్ళంత తెల్లటి మచ్చ.

మెరుపు పోయింది. స్పిరిట్‌తోనే పోయింది. ఆమె వేలు పెట్టి చూడలేదు. వేలు పెట్టి ఉంటే ఈ కథ మరోలా నడిచేది. మచ్చ చూడగానే ఆమెకు యాభై మూడు రోజులూ తెల్లబోయాయి. చూడవలసింది చూసేశానని కాళ్ళు చెప్పాయి. ఆమె గుమ్మం వైపు నడిచి కుడికాలి చెప్పులో కాలు పెట్టింది.

"పిన్నీ," అంది అక్క కూతురు కెమెరాలోంచి తల ఎత్తి. "బల్ల మీద ఈ తెల్ల మచ్చేంటి? పొద్దున్న లేదే."

ఆ మాట వసారా దాకా వినిపించింది. మేస్త్రి వచ్చాడు. చేతిలో గుడ్డ ఉండ అలాగే ఉంది. ఎవరి వంకా చూడకుండా తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళాడు. బిడ్డకు దెబ్బ తగిలిందంటే వచ్చినవాడిలా వచ్చాడు.

"ఎవరు పోశారు?"

"నేను," అంది జిగురమ్మ గుమ్మం దగ్గరనుంచి.

"ఏం పోశావు?"

ఆమె సీసా ఎత్తి చూపించింది.

గదిలో వైర్లు చుడుతున్నవాళ్ళు చుట్టటం ఆపేశారు. శాలువా అమ్మాయి శాలువా తీసి మడత పెట్టసాగింది. హీరో విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క కూతురు ఏదో చెప్పబోయింది. మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు.

"అడిగితే చెప్పేవాణ్ణి," అన్నాడు.

"ఏమని చెప్పేవారు?"

"టీ అని."

"అదే. అందుకే అడగలేదు."

"టీయే అది."

"ఏడేళ్ళూ టీయే," అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు. చెప్పిన మాట ప్రకారమే, ఏడవలేదు, అరవలేదు. "మంచంకింద దొరికితే టీ. బూటులో దొరికితే టీ. నీళ్ళ తొట్టిలో దొరికితే అది కూడా టీ, చల్లబడ్డానికి పెట్టానన్నారు. స్పిరిట్‌తో పుట్టింది స్పిరిట్‌తోనే పోతుందని మీరే అన్నారుగా. చూడండి దాన్ని."

మేస్త్రి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇలా రా."

"రాను."

"వచ్చి వేలు పెట్టు."

"నే పెట్టను."

"నాకోసం కాదు. బల్లకోసం పెట్టు."

ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా ఆమె ఎగుడు దిగుడుగా నడిచి వచ్చింది. చూపుడు వేలు మచ్చ మీద పెట్టింది. చల్లగా ఉంది. నున్నగా ఉంది.

"అంటుకుందా?" అన్నాడు.

ఆమె వేలు ఎత్తి, మళ్ళీ పెట్టి చూసింది. "లేదు."

"మందు పడి ఉంటే అంటుకునేది. లక్క కరిగి బంకయ్యేది. నీ జిగురులా. జిగురు సంగతి నాకంటే నీకే బాగా తెలియాలి." అతను మచ్చ చుట్టూ గోటితో గీత గీసినట్టు గాలిలో చూపించాడు. "ఇది కరగలేదు. తెల్లబోయింది. నీళ్ళు నిలిచాయి అంతే. పాలిష్ ఇంకా పచ్చిగా ఉంది. నాలుగు రోజులదేగా. నెల ఆరాలి. ఆరేదాకా మందే పడక్కర్లేదు, మంచినీళ్ళు పడ్డా ఇలాగే అవుతుంది."

"మీరు నాకది చెప్పలేదు."

"స్పిరిట్ గురించే చెప్పాను." అతను గుడ్డ ఉండను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అప్పట్లో నాకదే గొప్పగా ఉండేది."

ఇక ఆగలేక అక్క కూతురు ముందుకొచ్చింది.

"పిన్నీ, ఆ సీసా నేనే ఇచ్చాను బాబాయ్‌కి. మా దగ్గర రెండున్నాయి. హీరోగారి చేతులు పాలిష్ పట్టలేవు..."

"పట్టలేవు," అన్నాడు హీరో ఒప్పుకుంటూ. "నిన్న పడితే కుర్చీకి తామర వచ్చినట్టయింది."

"...అందుకని దగ్గరి షాట్లో బాబాయ్ చేతులు. ఆ చేతులు సీసాలోంచి గ్లాసులోకి పోస్తాయి. వణకాలి. వణుకుతూ పొయ్యాలి. బాబాయ్ చేతులు ఇప్పుడు వణకటం లేదు పిన్నీ. ఎన్నిసార్లు అడిగినా రాయిలా ఉంటున్నాయి. ఇంట్లో కొంచెం అలవాటు చేసుకోండి అని నేనే అన్నాను. పిన్నికి చెప్పకు, సిగ్గుగా ఉంటుందన్నారు."

జిగురమ్మ మొగుడి వంక చూసింది. "లక్క డబ్బాల వెనక కూర్చుని వణకటం నేర్చుకుంటున్నారా?"

"మూడు రోజుల్నుంచి."

"ఆ మూడు వేళ్ళు ఏమయ్యాయి?"

"సగం ఒలికింది. సగం తాగాను." అతను నేల చూశాడు. "చక్కెర లేదు. నోరు పాడైంది."

మొదట నవ్వింది అత్తగారు. వంటింటి గడప మీద కూలబడి, పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వింది. "అమ్మాయ్, ఒంటి చెప్పుతో ఎక్కడిదాకా ప్రయాణం? రెండో కాలు సంగతి దారిలో చూసుకుందామనుకున్నావా?" దాంతో లైటు మనిషి నవ్వాడు. హీరో నవ్వాడు. జిగురమ్మకు నవ్వు, ఏడుపు ఒక్క గొంతులోంచే వచ్చాయి. తాడును చూసి పామనుకుని, పాము అని ఊరందరికీ చెప్పాక, అది తాడే అని తేలితే సిగ్గుపడాలా సంతోషపడాలా? ఆమె చెప్పు విప్పి చేత్తో పట్టుకుని నిలబడింది. దాన్ని ఎటువైపు తిప్పి పెట్టాలో తెలియలేదు.

ఆ నవ్వుల మధ్య మేస్త్రి లేడు. వసారాలోకి వెళ్ళిపోయాడు.

కోపం వచ్చిందనుకుంది. రావలసిందే. చెప్పు అక్కడే వదిలి వెనకాలే వెళ్ళింది.

వసారాలో నిజం ఎండ ఉంది. సాయంత్రపు ఎండ. లక్క డబ్బాల మూతల మీద పడి తేనెలా కారుతోంది. మేస్త్రి దూది సంచి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదే," అంది ఆమె. "అడగాల్సింది. మీరు టీ అన్నా, ఈసారికి నమ్మి చూడాల్సింది. ఆ మచ్చ పోతుందా?"

"మచ్చకేం. నెల పోయాక ఓ పూత వేస్తే పోతుంది."

"మరి లోపలికి రండి. ఆ పిల్ల మీ చేతులకోసం చూస్తోంది."

అతను లేవలేదు. సంచిలో మోచెయ్యి దాకా చెయ్యి పెట్టాడు. దూది పక్కకు తీశాడు. ఒక సీసా తీసి నేల మీద పెట్టాడు.

ఇది వేరే సీసా. మూత చుట్టూ సీలు ఉంది. అంచు దాకా నిండుగా ఉంది. ఎండ అందులోంచి దూరి నేల మీద ఎర్రటి వెలుగై పడింది.

జిగురమ్మ గోడకు ఆనుకుంది.

"వచ్చిన తొమ్మిదో రోజు కొన్నాను," అన్నాడు. "తియ్యలేదు. చూడు, సీలుంది. రోజూ పొద్దున్నే దూది తీసుకునేటప్పుడు చూస్తాను. ఉందా, ఉంది. ఆ రోజుకది చాలనుకునేవాణ్ణి. ముందు పెట్టుకుని కూడా ముట్టటం లేదు, నాకంత బలం ఉంది అనుకునేవాణ్ణి."

"నలభై నాలుగు రోజులు."

"ఒక్క చుక్క అన్నావు నువ్వు. చుక్క తాగలేదు. కొని దాచుకున్నవాణ్ణి ఏం చెయ్యాలో నువ్వు చెప్పలేదు."

అవతల ముందుగదిలో ఇంకా నవ్వుతున్నారు. హీరో ఎవరిదో గొంతు అనుకరిస్తున్నాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నారు?" అంది. "నేను కనిపెట్టలేదుగా. గరాటు వంటింట్లోనే దొరికి ఉంటే అసలిటు వచ్చేదాన్నే కాదు."

అతను చాలాసేపు మాట్లాడలేదు. అలా మాట్లాడకపోవటం ఆమెకు కొత్త కాదు. కానీ ఆ ఏడేళ్ళలో అతను ఊరుకున్నప్పుడు ఏదో దాస్తున్నట్టుండేది. ఇప్పుడు దేన్నో ఎత్తలేక ఎత్తుతున్నట్టుంది.

"నువ్వు తప్పు సీసా పట్టుకున్నావు," అన్నాడు. "అందరూ నవ్వారు. నన్ను మంచివాణ్ణి చేసి వదిలేశారు. నేను కూడా ఆ నవ్వులో కలిస్తే అయిపోయేది. ఇక ఎప్పటికీ చెప్పలేకపోయేవాణ్ణి. సంచిలో అదీ ఉంటుంది, లోపల నువ్వూ ఉంటావు. ఏదో ఒక రోజు మీ ఇద్దర్లో ఒకరే ఉంటారు."

ఆమె వంగి సీసా అందుకోబోయింది. అతను ముందే తీసుకున్నాడు.

"లాక్కోకు," అన్నాడు. "నువ్వు లాక్కున్నవి చాలా ఉన్నాయి. తొట్లో పోశావు, వీధిలో పగలగొట్టావు. లాక్కున్న ప్రతిదానికీ మర్నాడు ఇంకోటి కొన్నాను. ఇది నేనివ్వాలి."

"ఇవ్వండి మరి."

"ఇస్తాను."

ఆమె చెయ్యి చాపింది. గోళ్ళ చివర తెల్లగా ఎండిన జిగురు. అరచెయ్యి పైకి తిప్పి ఉంచింది.

అతను సీసా ఎత్తాడు. ఎత్తగానే చెయ్యి వణికింది. మొదట వేళ్ళు, తరవాత మణికట్టు. సీసాలో ఉన్నది చిన్న అలలా ఊగి గాజుకు కొట్టుకుంది. టీ సీసాతో మూడు రోజులు ఎంత తిప్పలు పడ్డా రానిది, ఎవరూ అడగకుండా మోచెయ్యి దాకా వచ్చింది. నేల మీది ఎర్ర వెలుగు కూడా వణికింది.

"చూశావా," అన్నాడు మెల్లగా. "రాయిలా ఉన్నాయట."

తలుపు దగ్గర అలికిడయింది. జిగురమ్మ తల తిప్పింది. అక్క కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. చేతుల్లో చిన్న కెమెరా ఉంది. ఆ పిల్ల కళ్ళు బాబాయ్ మొహం మీద లేవు, వణికే చేతుల మీద ఉన్నాయి. నాలుగు రోజులుగా ఆ పిల్ల అడుగుతున్నది అక్కడుంది, వసారా ఎండలో, అడగకుండా దొరికింది. కెమెరా అంగుళం పైకి లేచింది.

"బాబాయ్," అంది పిల్ల, ఊపిరితో. "ఒక్క నిమిషం అలాగే..."

"సైలెన్స్," అంది జిగురమ్మ.

తను ఆ మాట అంటుందని ఆమెకే తెలియదు. పొద్దున్నుంచీ ఆ మాట విని ఆగి ఆగి, ఇప్పుడు తన నోట్లోంచి వచ్చింది. కెమెరా లేచిన చోటే ఆగింది. కిందికి దిగిందో లేదో జిగురమ్మ చూడలేదు. ఆమె మళ్ళీ ఇటు తిరిగింది.

చెయ్యి చాచే ఉంది. లాగలేదు. ముడవలేదు. దానికీ అతని చేతికీ మధ్య జానెడు దూరం ఉంది. పట్టుకుంటే పని అయిపోతుంది. పట్టుకోకుండా నిలబడటం ఇంత కష్టమని పంతొమ్మిదేళ్ళ జిగురు ఆమెకు నేర్పలేదు.

"తొందరేం లేదు," అంది.

అతని చెయ్యి ముందుకు రాలేదు. వెనక్కీ పోలేదు. సీసాలో అల ఊగుతూనే ఉంది. ఆమెకు మోచెయ్యి లాగుతోంది. భుజం లాగుతోంది.

లోపల లైటు మనిషికి ఇదేమీ తెలియదు. తరవాతి షాటుకు సరిచూసుకుందామని మీట నొక్కినట్టున్నాడు. ముందుగదిలోంచి, వంటింట్లోంచి, తలుపు సందులోంచి నారింజ వెలుగు పాక్కుంటూ వచ్చి, వసారా గడప మీద అసలు ఎండను కలుసుకుంది. ఏది ఏదో తెలియలేదు.

"మళ్ళీ తెల్లవారిందటే?" అంది అత్తగారు వంటింట్లోంచి. "ఈసారైనా నిజమేనా?"

సీసా చల్లటి అడుగు జిగురమ్మ అరచేతికి తగిలింది. అతని వేళ్ళు ఇంకా దాని మెడ మీదే ఉన్నాయి. ఆమెవి ఇంకా ముడవలేదు.